2025లో మీ మనసులో నిలిచిపోయిన పాట, కచేరీ, పండగ ఏది? నెల్లూరు, ఒంగోలు వాళ్లం చెప్పుకుందాం రండి

పెన్నాగట్టు (నెల్లూరు, మూలాపేట)

డిసెంబరు ఆఖరుకు వచ్చేశాం. ఎక్కడ చూసినా 'ఈ ఏటి మేటి పది' జాబితాలే. వాటిలో మనవైపు వాళ్లం ఏడాది పొడుగునా విన్నవీ చూసినవీ ఎక్కడా కనిపించవు. అందుకని ఈ చర్చ మొదలుపెడుతున్నా. సినిమా పాట, కచేరీ, నాటకం, హరికథ, జాతర, ఏదైనా సరే, మీకు 2025లో బాగా నచ్చింది రాయండి. ఒకటే షరతు. పేరు చెప్పి వెళ్లిపోవద్దు. ఎక్కడ విన్నారో, ఎందుకు పట్టుకుందో చెప్పాలి.

ముందు నాది. సెప్టెంబరు 25న బాలు గారి వర్ధంతికి మా వీధి చివర పందిరి వేసి పాటలు పాడించారు. పేరున్న గాయకులెవరూ రాలేదు. బ్యాంకులో పనిచేసే ఒకాయన, బీఈడీ చదివే అమ్మాయి, పొద్దున కూరగాయల బండి తోసే పెద్దాయన, వీళ్లే. ఆ పెద్దాయన పాట రాసుకున్న కాగితం చేతిలో పెట్టుకుని పల్లవి మొదలుపెట్టాడు. మొదటి చరణం దగ్గర కాగితం మడిచి జేబులో పెట్టేసి కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మాట తప్పలేదు. స్టూడియోలో పాడిన పాటకూ దీనికీ పోలిక పెట్టను గానీ, ఈ ఏడాది నా గుండెకు తగిలిన పాట అదే.

బాలు గారి నాన్న సాంబమూర్తి గారు హరికథకులు. తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంత ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన పోయారు. మన ఊళ్లో సంగీత నృత్య పాఠశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. మీ పిల్లలెవరైనా అందులో నేర్చుకుంటుంటే వాళ్ల సంగతులూ రాయండి.

బుచ్చి_బుల్లోడు (బుచ్చిరెడ్డిపాళెం)

అన్నా, నేను సినిమా పాటే చెప్తా. సంక్రాంతికి వచ్చిన వెంకటేష్ సినిమాలో గోదారి గట్టు పాట. భీమ్స్ సిసిరోలియో కట్టిన బాణీ, రమణ గోగుల గొంతు, పక్కన మధుప్రియ. రమణ గోగుల గొంతు సినిమాలో వినపడి ఎన్నేళ్లయిందో! మా మామయ్య వాళ్లు కాలేజీ రోజుల్లో ఆయన క్యాసెట్లు అరిగిపోయేలా విన్నారంట. జనవరిలో మా అక్క పెళ్లిలో ఈ పాట వేస్తే మా మామయ్య, నేను, మా అక్క చిన్నకొడుకు... సారీ, మా పెద్దక్క చిన్నకొడుకు, ముగ్గురం కలిసి ఆడాం. మూడు తరాలను ఒకేసారి లేపి నిలబెట్టే పాట ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. నాకు అదే సంస్కృతి.

నవంబరులో రెహమాన్ చికిరి పాట వచ్చింది. అది కూడా బస్సులో, టీకొట్లో, ఎక్కడ చూసినా. కానీ మొదటి స్థానం మాత్రం గోదారి గట్టుకే.

పెన్నాగట్టు

బాగా చెప్పావు తమ్ముడూ. ముగ్గురూ కలిసి ఆడారు చూడు, అలాంటివే కావాలి.

టంగుటూరు_టీచరమ్మ

నేను చెప్పాల్సింది కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈ సెప్టెంబరు 7కి భానుమతి గారు పుట్టి వందేళ్లు నిండాయి. 1925లో మన ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. ఏడాది మొదట్లోనే అనుకున్నా, నూరేళ్ల ఏడాది కదా, ఈసారి ఆమె పాటలన్నీ వరుసగా వినాలి, నేను వినడమే కాదు, మా పిల్లలకూ వినిపించాలి అని. మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు శనివారం మధ్యాహ్నం ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి వినిపించడం మొదలుపెట్టాను. మొదటి వారం 'మల్లీశ్వరి' పాట. 1951 సినిమా, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. పిల్లలు కాసేపు గుసగుసలాడుకున్నారు. 'మనసున మల్లెల' మొదలవగానే గుసగుసలు ఆగాయి. ఆ పల్లవిలో ఆమె గొంతు ఎక్కడా అరవదు. లోపల్లోపలే తిరిగి, మాట చివర సన్నగా వంగి ఆగుతుంది. ఒక పిల్ల లేచి అడిగింది, "టీచర్, తెర మీద ఉన్నామే పాడిందా?" అని. అవునమ్మా, ఆమే పాడింది, ఆమే నటించింది అంటే నమ్మలేదు. వాళ్లకు తెలిసిన సినిమాలో నటించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు.

అక్కడ నుంచి నేను చెప్పడం, వాళ్లు అడగడం. 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చేనాటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. 1953లో 'చండీరాణి'కి తానే దర్శకత్వం వహించారు, అదీ తెలుగు, తమిళం, హిందీ, మూడు భాషల్లో. స్టూడియో నడిపారు. 'అత్తగారి కథలు' రాశారు. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. ఇదంతా విని ఇంకో పిల్ల అంది, "ఇన్ని పనులు ఒక్కరే చేస్తే ఇంట్లో తిట్టరా టీచర్?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఆ పీరియడ్ అంతా పట్టింది. అత్తగారి కథల్లోంచి ఒకటి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చారు.

సెప్టెంబరు 7 ఆదివారం వచ్చింది, అందుకని సోమవారం ప్రార్థనలో మా పిల్లలే ఆమె గురించి మాట్లాడారు. ఒకమ్మాయి పాడింది. శ్రుతి నిలవలేదు, అయినా ఆపకుండా చివరిదాకా పాడింది. నాకు 2025 అంటే ఆ పిల్ల.

నా కోరిక ఒకటే. ప్రకాశం జిల్లాలో ప్రతి బడిలో ఏటా సెప్టెంబరు 7న ఒక్క పీరియడైనా ఈమె పాటకు ఇవ్వాలి. దొడ్డవరం మన పిల్లలు సైకిలు మీద పోయే దూరంలో ఉన్న ఊరు. అక్కడ పుట్టిన ఆడపిల్ల ఇంత చేసిందని మన ఆడపిల్లలకు తెలియకపోతే ఎలా?

కావలి_కోడలు

టీచరమ్మా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా అమ్మాయి కూడా తొమ్మిదే. ఈ శనివారం నుంచి మా ఇంట్లోనూ మొదలుపెడతా.

చెన్నైలో_గూడూరోడు

అక్కా, 'చండీరాణి' ఎక్కడన్నా పూర్తిగా దొరుకుతుందా? నేను పాటల వరకే విన్నా. ఇక్కడ మా ఆఫీసులో తమిళ పెద్దాయన ఒకరు భానుమతి పేరెత్తితే చాలు, పని ఆపేసి కుర్చీ ఇటు తిప్పుతారు. ఆయనకు ఆమె మీ ఊరావిడ అని చెప్తే నాకు టీ ఇప్పించారు.

టంగుటూరు_టీచరమ్మ

నాయనా, పాటలు దొరుకుతున్నాయి, వాటితోనే మొదలుపెట్టు. ఆ పెద్దాయన్ని తమిళంలో ఆమె పాడినవి అడిగి రాసుకుని ఇక్కడ పెట్టు, మాకు తెలియనివి చాలా ఉంటాయి.

కావలి_కోడలు

ఇప్పుడు నాది. ఇది సంతోషమైన సంగతి కాదు, అయినా ఈ ఏడాది అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. మార్చి 9న తిరుపతిలో అన్నమయ్య కీర్తనలు పాడే గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు పోయారు.

మా అత్తమ్మ తెల్లారగట్ల పొయ్యి వెలిగించకముందే ఆయన క్యాసెట్ పెట్టేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఇదేంది పొద్దున్నే అని విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత ఆయన గొంతు వినపడకపోతే ఇంట్లో తెల్లవారినట్టే ఉండేది కాదు. 1978 నుంచి 2006 దాకా తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టులో ఉండి ఆరొందలకు పైగా కీర్తనలకు స్వరం కట్టారు. మనం ఇప్పుడు పెళ్లిళ్లలో, భజనల్లో, గుడి మైకుల్లో అన్నమయ్య పాట అని దేన్ని పాడుతున్నామో అందులో చాలా వాటికి బాణీ ఆయనదే. అన్నమయ్య మాట రాగిరేకుల మీద మిగిలింది. దాన్ని ఎలా పాడాలో మనలాంటి ఇళ్లలోకి తెచ్చి పెట్టింది ఇలాంటి మనుషులు.

ఆయనలో నాకు నచ్చేది, పల్లవి తొందరగా వదలరు. మళ్లీ మళ్లీ అదే పల్లవి, ప్రతిసారీ ఒక మాట మీద కొంచెం ఎక్కువ నిలబడతారు. 'వినరో భాగ్యము' వింటే ఆ 'వినరో' అనే మాటను ఎవరో అరుగు మీద కూర్చుని మనల్ని పిలిచినట్టే అంటారు. సంగీతం తెలియని నాబోటిదానికి అర్థం అక్కడే తెలిసిపోతుంది.

ఆయన పోయారని టీవీలో వచ్చిన రోజు అత్తమ్మ భోజనం చేయలేదు. సాయంత్రం పాత పెట్టె తీసి క్యాసెట్లన్నీ బయట పరిచింది. టేపు బయటికొచ్చేసిన వాటిని పెన్సిలుతో తిప్పి సరిచేస్తూ కూర్చుంది. ఈ ఏడాది ఆమె దగ్గర నేను కీర్తనలు నేర్చుకోవడం మొదలుపెట్టా. వంట చేస్తూనే నేర్పుతుంది.

దర్గామిట్ట_వాసి (నెల్లూరు)

అమ్మా, మీ అత్తమ్మ గారికి నా సలాం చెప్పండి.

నేను పాట కాదు, రొట్టెల పండగ చెప్తా. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగేది మీ అందరికీ తెలుసు. ఈసారి జులైలో వచ్చింది. మా ఇల్లు ఆ దారిలోనే కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ అయిదు రోజులూ మాకు నిద్ర ఉండదు. టీవీలో చూసేవాళ్లకు నీళ్లలో జనం, చేతుల్లో రొట్టెలు కనిపిస్తాయి. అక్కడ ఉన్నవాళ్లకు తెలిసేది ఆ చప్పుడు.

మోకాలిలోతు నీళ్లలో నిలబడి "విద్య రొట్టె", "ఉద్యోగ రొట్టె", "సంతాన రొట్టె", "ఇంటి రొట్టె" అని పిలుస్తుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె పట్టుకుని వస్తారు, కోరిక ఉన్నవాళ్లు వాళ్ల దగ్గర తీసుకుంటారు. తీరితే మరుసటి ఏడాది వీళ్లు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఆ పిలుపుల మధ్య మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, తమిళంలో, కన్నడంలో. గంధం రాత్రి కోటమిట్ట నుంచి గంధం బిందెలు ఊరేగింపుగా వస్తుంటే ఫకీర్లు దఫ్ వాయిస్తూ ముందు నడుస్తారు. ఆ దఫ్ దెబ్బ దగ్గరకొచ్చేకొద్దీ వీధిలో మాటలు తగ్గిపోతాయి.

ఈసారి నన్ను కదిలించింది ఒక జంట. కర్ణాటక వాళ్లు. కిందటేడు సంతాన రొట్టె తీసుకున్నారంట. నెలల పిల్లను చంకనేసుకుని వచ్చి, ఎవరికి ఇవ్వాలా అని నీళ్లలో వెతుకుతున్నారు. వాళ్ల భాష మా ఆవిడకు రాదు, మా ఆవిడ మాట వాళ్లకు రాదు. చేయి పట్టుకుని తీసుకెళ్లి అడుగుతున్నావిడ ముందు నిలబెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. కచేరీలు నేనూ వింటా, కానీ నాకు సంవత్సరానికి సరిపడా సంగీతం ఆ రాత్రే దొరుకుతుంది.

బుచ్చి_బుల్లోడు

రఫీ సాబ్ పాటలు పెడతారనుకున్నా, ఇది చదివి ఏం మాట్లాడాలో తెలీట్లేదు భాయ్. వచ్చే ఏడు మీ ఇంటికే వస్తా.

దర్గామిట్ట_వాసి

రా తమ్ముడూ. మాకు పండగ అంటేనే చుట్టాలు.

కరవది_కుర్రాడు (ఒంగోలు)

టీచరమ్మ దొడ్డవరం గురించి చెప్పారు కాబట్టి నేను మా కరవది సంగతి చెప్పాలి.

నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు మా ఊరివారే. 1924లో పుట్టారు. మొదట ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ మీదట తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర అక్కడి బాణీ పట్టారు. శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే ఆశ్రమం పెట్టి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పోయారు. రోజూ నమాజు చేసే మనిషి, శ్రీరంగనాథుడి ముందు వాయించిన మనిషి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మనవళ్లు కాసిం, బాబు కూడా అదే దారిలో ఉన్నారు.

ఇంత చెప్పాక నా ఈ ఏటి సంగతి. మా పిన్ని కూతురి పెళ్లికి సన్నాయి మేళం పెట్టాలని పట్టుబట్టా. ఇంట్లో అందరూ డీజే చాలన్నారు. నా జీతంలోంచి ఇస్తానని చెప్పి మేళం మాట్లాడా. ముహూర్తం తెల్లవారుజామున. మేళం పెద్దాయన మూడింటికే వచ్చి కూర్చున్నారు. నేను ఆయన పక్కనే కూర్చుని చూస్తున్నా. చిన్న గుడ్డసంచిలో సన్నాయికి తగిలించి ఊదే పీకలు, వాటిలో ఒకటి తీసి నోట్లో పెట్టుకుని తడిపారు, ఊది చూశారు, పక్కన పెట్టి ఇంకొకటి తీశారు. నాలుగోది గానీ ఆయనకు నచ్చలేదు. ఈలోగా డోలాయన వేళ్లకు తొడుగులు వేసుకుంటున్నారు. అప్పటికి పెళ్లివారు ఎవరూ లేవలేదు. ఖాళీ కుర్చీల ముందు భూపాల రాగం ఎత్తుకున్నారు.

నేను ఆయన్ని అడిగా, ఎవరూ లేరు కదా తాతా, కాసేపు ఆగొచ్చు కదా అని. "తెల్లారే రాగం తెల్లారే వేళ వాయించాలి నాయనా, వాళ్లు లేస్తే వింటారు" అన్నారు. అలాగే అయింది. ఒక్కొక్కరే లేచి కాఫీ గ్లాసులతో వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చున్నారు. డీజే చాలన్న మా బాబాయే అందరికంటే ముందు వరుసలో ఉన్నాడు.

బుచ్చి_బుల్లోడు

కరవది అన్నా, ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. నేను వెళ్లిన పెళ్లిళ్లలో సన్నాయి మేళాన్ని ఎవరూ వినరు. మాంగల్యం కట్టేటప్పుడు గట్టిమేళం, అంతే. మనుషులకు నచ్చనిదాన్ని మనం బలవంతంగా నిలబెట్టగలమా? గోదారి గట్టును ఎవరూ నిలబెట్టలేదు, అదే నిలబడింది.

కరవది_కుర్రాడు

కోపం లేదు తమ్ముడూ, అడగాల్సిన మాటే అడిగావు. కానీ వినకపోవడానికీ వినిపించకపోవడానికీ తేడా ఉంది. మేళం వాళ్లను వంటశాల పక్కన, జనరేటరు పక్కన కూర్చోబెడతాం. వాళ్లు రాగం ఎత్తుకోగానే స్పీకర్లో పాట పెడతాం. అక్షింతలు వేసే అయిదు నిమిషాలకు పిలుస్తాం. అట్లా చేసి, జనానికి నచ్చలేదంటే ఎట్లా? గోదారి గట్టును ఏడాదంతా రోజుకు ఎన్నిసార్లు విన్నాం? సన్నాయికి తిన్నగా ఒక అరగంట ఇచ్చి చూడు. మా పెళ్లిలో ఇచ్చాం. చిన్నపిల్లలు కూడా మధ్యలో లేచి వెళ్లలేదు.

డబ్బు సంగతీ చెప్పాలి. మేళానికి బేరమాడే మనమే డీజేకు అడిగినంత ఇస్తాం. ఈ విద్య కుటుంబాల్లో నడిచేది. ఆ పెద్దాయన కొడుకు ఆటో నడుపుతున్నాడు. ఊదగలడు, బాగా ఊదగలడు, ఆ రోజు తండ్రి పక్కన శ్రుతి పట్టింది అతనే. నెలకు నాలుగు పెళ్లిళ్లు సరైన సంభావనతో దొరికితే ఆటో ఎందుకు నడుపుతాడు?

బుచ్చి_బుల్లోడు

సరే అన్నా. మా ఇంట్లో తర్వాత పెళ్లి నాదే. ఆ పెద్దాయన నంబరు నాకు విడిగా పంపించు. అరగంట ఇస్తా, ముందు వరుసలో కూర్చోబెడతా. తర్వాత గోదారి గట్టు మాత్రం ఆగదు.

కరవది_కుర్రాడు

ఆగక్కర్లేదు. నేనూ ఆడతా.

చెన్నైలో_గూడూరోడు

ఇక్కడ మార్గళి (ధనుర్మాసం) కచేరీల సీజన్ జరుగుతోంది. సభలన్నీ కిటకిట. ఈ వారంలో నేను విన్న కచేరీల్లో సగానికి పైగా తెలుగు కీర్తనలే. పక్క సీటులో కూర్చున్న తమిళ మామీ సాహిత్యం మొత్తం తనలో తాను పాడుకుంటోంది, అర్థం నన్ను అడిగింది. నాకు సగం చెప్పడం వచ్చింది. త్యాగయ్యను చదువుకోవాలని ఆ రాత్రే పుస్తకం కొన్నా. ఈ ఏడాది నాకు దక్కింది అది.

పాటల రచయితల గురించి కూడా ఎవరన్నా రాయండి. ఆగస్టులో జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు 'బలగం' పాటకు కాసర్ల శ్యామ్ పేరు విని చాలా సంతోషపడ్డా, పల్లె మాటకు దక్కిన గౌరవం అది. మనవైపు ఆత్రేయ సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు వాడు, వెన్నెలకంటి నెల్లూరు వాడు. వాళ్ల గురించి విడిగా ఒక చర్చ పెడితే నేను రాస్తా.

పెన్నాగట్టు

నువ్వే మొదలుపెట్టు అబ్బయ్యా, మేం వస్తాం.

కంభం_చెరువు

ఆలస్యంగా చూశాను. త్యాగయ్య పేరు వచ్చింది కాబట్టి మా వైపు నుంచి ఒక మాట. ఆయన పుట్టింది 1767లో తిరువారూరులో, గడిపింది తిరువయ్యారులో. కానీ ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మా కంభం పక్కనే, నల్లమల అంచున. పూర్వీకులు ఇక్కడ నుంచి తంజావూరు సీమకు వెళ్లారు. ఆయన అయిదు పంచరత్న కీర్తనల్లో నాట రాగంలో ఉన్న మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోవి, తేట తెలుగు. మామీలు తమలో తాము పాడుకునే ఆ తెలుగు మా ఇంటి తెలుగే.

త్యాగయ్య పోయిన తిథి, పుష్య బహుళ పంచమి దగ్గరకొచ్చింది. తిరువయ్యారులో ఆరాధన మొదలయ్యేది నాదస్వరంతోనే. ఒంగోలులో మనం ఒకచోట కూడి, ముందు మేళం, తర్వాత పంచరత్నాలు పెట్టుకుందామా? పాడగలిగినవాళ్లం కొందరం ఉన్నాం, నేను ఆరభి దాకా నిలబడగలను. కరవది తమ్ముడూ, ఆ పెద్దాయన్నీ కొడుకునీ పిలవగలవా? సంభావన మనమందరం తలాకొంత వేసుకుందాం, బేరం లేకుండా.

కరవది_కుర్రాడు

ఇప్పుడే ఫోన్ చేశా. వస్తామన్నారు. కొడుకు కూడా వాయిస్తాడంట. పంచమి బుధవారం వస్తోంది, అందరికీ ఆఫీసులు. దానికి ముందు ఆదివారం, జనవరి 4 పెట్టుకుంటే బాగుంటుంది.

కావలి_కోడలు

ఆదివారమైతే అత్తమ్మను తీసుకొస్తా. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాం. ఆమెకు కింద కూర్చోవడం కష్టం, ఒక్క కుర్చీ కావాలి.

దర్గామిట్ట_వాసి

నెల్లూరు నుంచి మా కారులో ముగ్గురికి చోటుంది. పెన్నాగట్టు అన్నా, మీరు రండి. కూరగాయల పెద్దాయన్ని కూడా అడగండి.

టంగుటూరు_టీచరమ్మ

మా తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది వస్తామన్నారు, ఇళ్లలో ఒప్పుకున్నారు. ఆ రోజు ప్రార్థనలో పాడిన పిల్లకు చివర్లో ఒక్క పాట అవకాశం ఇవ్వండి. సాంబారు, పెరుగన్నం మేం తెస్తాం. హాలుకు మైకు మాట్లాడాలా?

కరవది_కుర్రాడు

పాడేవాళ్లకు ఒక మైకు చాలు టీచరమ్మా. సన్నాయికి, డోలుకు అసలు వద్దు. మేళం తలుపు దగ్గర కూర్చుంటే వీధి చివరదాకా వినపడుతుంది. పిల్లల్ని తొమ్మిదింటికల్లా తీసుకురండి, పీకలు తడపడం దగ్గర నుంచి చూస్తారు.